రోగి పంపిన రీడింగు ఎవరు చూస్తారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు నాలుగేళ్లుగా మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నారు. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డిశ్చార్జి అయ్యాక ఇంటి నుంచే రీడింగులు పంపేలా మీ ఆసుపత్రి ఒక యాప్ తెస్తోంది. "మీ పని సగానికి సగం తగ్గిపోతుంది" అని మీటింగులో చెప్పారు. మీకేమో పని ఇంకా పెరుగుతుందేమోనని టెన్షన్. అసలు దీనివల్ల రోగికి ఒరిగేదేమైనా ఉందా, మనం ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు.

నేను నర్సింగ్‌లోకి వచ్చి 24 ఏళ్లయింది. చివరి తొమ్మిదేళ్లుగా దీర్ఘకాలిక రోగుల ఫాలోఅప్ క్లినిక్ చూస్తున్నాను. ఈ తొమ్మిదేళ్లలో మూడు యాప్‌లు వచ్చాయి. రెండు మూలనపడ్డాయి, ఒకటి నిలబడింది. వాటితో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. రోగికి మేలు జరుగుతుంది, కానీ రోగి పంపిన అంకెను చూడటానికి ఒక మనిషికి డ్యూటీ వేసినచోటే జరుగుతుంది. పని తగ్గదు, దాని రూపం మారుతుంది. మారిన పనికి విడిగా సమయం ఇవ్వకపోతే అది ఉన్న పని మీద అదనంగా వచ్చి పడుతుంది.

మొదటి యాప్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టే జబ్బు) ఉన్న ఒక పెద్దావిడ ఉండేది. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని యాప్‌లో కొట్టమని నేనే నేర్పాను. ఒక్కరోజు కూడా మానలేదు. గురువారం 61.4 కిలోలు, శుక్రవారం 62.1, శనివారం 63.2, ఆదివారం 63.9. ఒంటికి నీరు పడుతోందని ఆ నాలుగు అంకెలు చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. చూసినవాళ్లే లేరు. ఆ యాప్‌కి వేరే లాగిన్, వేరే కంప్యూటరు. పాస్‌వర్డ్ ఉన్న ఆమె సెలవులో ఉంది. సోమవారం తెల్లవారుజామున ఆ పెద్దావిడ పడుకోలేక, కూర్చునే ఊపిరి లాగుతూ ఎమర్జెన్సీకి వచ్చింది. నన్ను చూసి, "నేను పంపాను కదా సిస్టరమ్మా" అంది. అందులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఆరో రోజుకి కోలుకుని ఇంటికి వెళ్లింది గానీ, ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అంతకుముందు ఆవిడ బరువు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. పుస్తకం తన ఇంట్లోనే ఉందనీ, దాన్ని ఎవరూ చూడటం లేదనీ ఆవిడకు తెలుసు. అందుకే కాళ్లు వాచాయంటే వెంటనే ఫోన్ చేసేది. యాప్ వచ్చాక ఫోన్ చేయడం మానేసింది. పంపాక ఇక చెప్పేసినట్టేనని నమ్మింది. "పంపు" అనే మీట నొక్కిన ప్రతి రోగీ ఆసుపత్రికి కబురు అందిందనే అనుకుంటాడు. చూసే ఏర్పాటు లేకుండా ఆ మీట ఇస్తే, యాప్ లేనప్పటికన్నా ఎక్కువ ప్రమాదంలోకి నెట్టినట్టే.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. హార్ట్ ఫెయిల్యూర్ రోగులను దూరం నుంచి గమనించడం మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలో 1,653 మందితో చేసిన టెలీ-హెచ్‌ఎఫ్ ఫలితాలు 2010లో వచ్చాయి. రోగి రోజూ ఒక ఆటోమేటిక్ ఫోన్ లైనుకు కాల్ చేసి బరువు, లక్షణాలు చెప్పాలి. క్లినిక్ వాళ్లు పనిదినాల్లో వాటిని చూసేవారు. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ఆ గుంపులో 52.3 శాతం, మామూలు వైద్యం పొందిన గుంపులో 51.5 శాతం. అంటే ఏ ప్రయోజనమూ కనపడలేదు. నూటికి 14 మంది అసలు ఒక్కసారి కూడా వాడలేదు. ఇక జర్మనీలో జరిగిన టిమ్-హెచ్‌ఎఫ్2 ఫలితాలు 2018లో వచ్చాయి. సుమారు 1,500 మందిలో దాదాపు సగం మంది రోజూ బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ పంపేవారు. అవతల డాక్టర్లు, నర్సులు 24 గంటలూ ఉండే ఒక కేంద్రం పనిచేసింది. మామూలు వైద్యంలో ఏడాదికి నూటికి 11 మందికి పైగా చనిపోతే, ఈ గుంపులో ఎనిమిది మంది కంటే కాస్త తక్కువ. రెండు అధ్యయనాల్లో రోగులూ పరికరాలూ ఒకటి కావు కాబట్టి తేడా మొత్తాన్ని ఒక్క కారణానికే అంటగట్టను. కానీ అవతల ఎప్పుడూ మనిషి ఉండటానికి అందులో పెద్ద వాటా ఉందని నా గట్టి నమ్మకం.

ఖరీదైన యాప్ ఉంటేనే ఇదంతా సాధ్యమని కూడా కాదు. కెన్యాలో హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మందితో చేసిన అధ్యయనం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వారానికి ఒక్క ఎస్సెమ్మెస్, "ఎలా ఉన్నారు?" అని. అంతే. రోగి 48 గంటల్లో "బాగున్నాను" అనో, "సమస్య ఉంది" అనో జవాబివ్వాలి. సమస్య ఉందన్నవాళ్లకీ, అసలు జవాబే ఇవ్వనివాళ్లకీ క్లినిక్ నుంచి ఫోన్ వెళ్లేది. మందులు సరిగ్గా వేసుకున్నవాళ్లు ఎస్సెమ్మెస్ వెళ్లని గుంపులో 50 శాతం, వెళ్లిన గుంపులో 62 శాతం. ఇందులో నాకు బాగా నచ్చింది జవాబివ్వనివాళ్లకు ఫోన్ చేయడం. యాప్‌లన్నీ వచ్చిన అంకెల వెంట పడతాయి, రాని అంకెను పట్టించుకోవు. మా క్లినిక్‌లో ఇప్పుడు వరసగా మూడు రోజులు ఏమీ పంపనివాళ్ల జాబితా వేరుగా వస్తుంది. ఒకాయన ఐదు రోజులు ఏమీ పంపకపోతే ఫోన్ చేశాను. భార్య పోయిందట. మాత్రలు కూడా వేసుకోవడం లేదన్నాడు. ఏ రీడింగూ ఆ కబురు మోసుకొచ్చేది కాదు.

ఇక మీ అసలు భయం, పని సంగతి. మీ భయం సరైనదే. మా రెండో యాప్ వచ్చినప్పుడు ఒకే బీపీని ముందు కేస్ షీటులో, తర్వాత ఆసుపత్రి కంప్యూటర్లో, ఆ తర్వాత యాప్‌లో, మూడుచోట్ల ఎక్కించాం. ముప్పై మంది రోగులంటే తొంభై సార్లు. మధ్యలో ఎవరో సెలైన్ అయిపోయిందని పిలుస్తారు, వెళ్లొచ్చేసరికి స్క్రీన్ లాగౌట్ అయిపోయి ఉంటుంది. ఇలా ఎక్కించేటప్పుడు తప్పులు పడటం ఖాయం. 138 బదులు 183 పడ్డ రోజు నాకు గుర్తుంది. డాక్టర్ల మీద అమెరికాలో జరిగిన ఒక పరిశీలన 2016లో వచ్చింది. రోగితో ముఖాముఖి గడిపే ఒక్కో గంటకూ కంప్యూటరు, కాగితాల పని దాదాపు రెండు గంటలు పడుతోందని అందులో తేలింది. యాప్ ఆసుపత్రి రికార్డుతో తనంతట తాను కలవకపోతే, ఆ రెండు గంటలకు ఇంకాస్త కలుస్తుంది. అందుకే "ఇది మన రికార్డుతో కలుస్తుందా, లేక మేమే మళ్లీ కొట్టాలా?" అని మీటింగులో సూటిగా అడగండి. "తర్వాత కలుపుతాం" అంటే ఏ తేదీకల్లా కలుపుతారో రాసివ్వమనండి.

రెండో భారం అలర్ట్‌లది. మాకు మొదట్లో 140/90 దాటిన ప్రతి రీడింగుకీ ఎర్ర గుర్తు వచ్చేది. పొద్దున లాగిన్ అయ్యేసరికి వందకు పైగా ఉండేవి. మొదటి వారం అన్నీ తెరిచి చూశాను. మూడో వారానికి కళ్లు వాటి మీదుగా జారిపోవడం మొదలైంది. "నాన్నా పులి" కథే. రోజూ అరిస్తే నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ పరిగెత్తరు. ఆసుపత్రి మానిటర్ల మోతల విషయంలో ఇది ఎప్పుడో రుజువైంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక ఇచ్చింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారంలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 మంది చనిపోయారని అందులో ఉంది. మోగే అలారంలలో కనీసం 85 శాతానికి నర్సు చేయాల్సిందేమీ ఉండదని కూడా రాశారు. ఫోన్ యాప్‌లు అదే తప్పును మన జేబులోకి తెస్తున్నాయి.

మేం చేసిన మార్పు చాలా చిన్నది. ఒక్క రీడింగును చూసి అలర్ట్ ఇవ్వడం ఆపించి, మూడు రోజుల సగటుకు మార్పించాం. హద్దులు అందరికీ ఒకటే కాకుండా, ఏ రోగికి ఎంతో డాక్టరే డిశ్చార్జి రోజున రాసేలా చేశాం. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు మాత్రం మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే అదే రోజు ఫోన్. జాబితాను "ఈరోజే ఫోన్ చేయాలి", "ఈ వారంలో చూడాలి" అని రెండుగా విడగొట్టించాం. వంద కాస్తా పది, పన్నెండుకు దిగాయి. పదిమందికి ఫోన్ చేయడం ఒక నర్సు చేయగల పని. వందమందికి చేయడం కుదరదు, ఎవరో ఒకరిని వదిలేయాల్సి వస్తుంది.

అంకెలు వచ్చాయి సరే, వాటిని నమ్మొచ్చా? ఇక్కడ నర్సు పని ఇంకా ముఖ్యం. మా దగ్గర ఒకరు నెలంతా 120/80 పంపారు, ఒక్క అంకె కూడా తేడా లేకుండా. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడితే తెలిసింది, మెషీన్ పాడై చాలా రోజులైందట, "మీరు బాధపడతారని" మంచి నంబరు రాసి పంపుతున్నారట. తిట్టలేదు. మెషీన్ మార్పించాం. ఇంకొందరు మెట్లెక్కి వచ్చీరాగానే బీపీ పట్టీ చేతికి చుట్టేసుకుంటారు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు, నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇది వీడియోలో చూపిస్తే సరిపోదు. డిశ్చార్జికి ముందు మన ఎదురుగా వాళ్లచేతే చేయించాలి. పావుగంట పడుతుంది. ఆ పావుగంట కోసం మీరు పోట్లాడినా తప్పులేదు.

ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. బ్రిటన్‌లో 1,182 మంది బీపీ రోగులతో చేసిన టాస్మిన్‌హెచ్4 అధ్యయనం 2018లో వచ్చింది. క్లినిక్ రీడింగుల మీదే మందులు మార్చిన గుంపులో ఏడాది తర్వాత పై బీపీ సగటు 140.4. ఇంట్లో చూసుకున్న అంకెల ఆధారంగా మందులు మార్చిన గుంపులో 137. ఇంట్లో చూసుకుని ఫోన్ ద్వారా పంపిన గుంపులో 136. అంటే అసలు మేలు చేసింది సరిగ్గా కొలవడం, దాన్ని చూసి డాక్టరు మందు మార్చడం. ఫోన్ చేసేది దారిని దగ్గర చేయడమే. ఈ సంగతి తెలిస్తే, స్మార్ట్‌ఫోన్ లేని రోగికి ఏదో అన్యాయం జరిగిపోతోందన్న దిగులు మీకు ఉండదు. వాళ్లకు ఒక కార్డు ఇచ్చి రాయించండి, వారానికోసారి ఫోన్‌లో చదివించుకోండి.

మీ ఆసుపత్రి ఇచ్చే యాప్ ఒకటైతే, రోగులు తమంతట తాము దించుకునే యాప్‌లు వేరు. వాటి విషయంలో కఠినంగానే ఉండండి. పట్టీ లేకుండా ఫోన్‌తోనే బీపీ చెబుతానన్న ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్ అనే యాప్‌ను లక్షకు పైగా జనం కొన్నారు. 2016లో పరీక్షించి చూస్తే, నిజంగా బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా బీపీ లేదనే చూపించింది. తలనొప్పిగా ఉన్నా "యాప్‌లో బాగానే ఉంది" అని మాత్ర మానేసే మనిషిని ఊహించుకోండి. ఇన్సులిన్ మోతాదు లెక్కగట్టే 46 యాప్‌లను 2015లో పరిశీలిస్తే, 67 శాతం వాటిలో తప్పు మోతాదుకు దారితీసే లోపాలున్నాయి. రోగి పొరపాటున అసాధ్యమైన అంకె కొట్టినా 42 యాప్‌లు సరిగ్గా అడ్డుకోలేదు. షుగరును కొలిచే రెండు ప్రమాణాల (mg/dL, mmol/L) మధ్య తేడా 18 రెట్లు ఉంటుంది. ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే హిస్టరీ తీసుకునేటప్పుడు "ఏ మాత్రలు వాడుతున్నారు?" అన్నాక, "ఫోన్‌లో ఆరోగ్యానికి సంబంధించి ఏం వాడుతున్నారు?" అని కూడా అడుగుతాను. ఫోన్ తెరిచి చూపించమంటాను. ఒంటికి అంటించుకుని షుగరును ఫోన్‌లో చూపించే సెన్సార్ వాడేవాళ్లయితే అలారం సౌండ్ ఉందో లేదో అక్కడే చూస్తాను. ఫోన్ అప్‌డేట్ అయ్యాకనో, సెట్టింగులు మారాకనో ఈ హెచ్చరికలు మోగకుండా పోతున్నాయని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో ప్రత్యేకంగా హెచ్చరించింది.

మరో ప్రశ్న కూడా తప్పక అడగండి: ఆ ఫోన్ ఎవరిది? చాలా ఇళ్లలో రోగి పేరు మీద నమోదు చేసిన నంబరు కొడుకుదో, భర్తదో అయి ఉంటుంది. మందు గుర్తుచేసే మెసేజ్ అతని జేబులో మోగుతుంది. బీపీ మాత్ర గురించైతే ఫరవాలేదు. హెచ్‌ఐవీ, గర్భం, మానసిక వైద్యం లాంటివైతే ఆ ఒక్క మెసేజ్ ఒక మనిషి జీవితాన్ని తలకిందులు చేయగలదు. నమోదు చేసేటప్పుడు రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు రాకుండా చూడండి. కెన్యా అధ్యయనంలో "ఎలా ఉన్నారు?" అని మాత్రమే అడగడంలో ఉన్న తెలివి ఇదే, పక్కవాళ్లు చదివినా ఏమీ బయటపడదు. అలాగే మనవైపు కూడా. గాయం ఫొటో సొంత ఫోన్‌లో తీసి గ్రూపులో పెట్టడం మనందరికీ అలవాటైపోయింది. తొందర నాకు తెలుసు, నేనూ చేశాను. కానీ ఆ ఫొటో మన ఇంటి ఫొటోల మధ్య ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆసుపత్రి ఫోన్ ఇవ్వమని అడగండి.

సొంత ఫోన్‌కు ఇంకో చిక్కు ఉంది. మీ నంబరు రోగుల చేతికి ఒక్కసారి వెళ్లిందంటే డ్యూటీ ఎప్పుడు అయిపోయిందో మీకే తెలియదు. రాత్రి పదకొండుకు రీడింగు వస్తే చూడకుండా పడుకోలేం. చూస్తే జవాబివ్వకుండా ఉండలేం. మా జూనియర్ ఒకమ్మాయి ఇలాగే ఆరు నెలలు నెట్టుకొచ్చి, చివరికి ఫోన్ మోగితేనే ఉలిక్కిపడే స్థితికి వచ్చింది. క్లినిక్ మార్చుకుంది. మంచి నర్సు. రోగుల మీద ప్రేమ ఉన్నవాళ్లే ముందు అలసిపోతారు, ఎందుకంటే వాళ్లే ఫోన్ ఎత్తుతారు.

ఇన్ని చెప్పానని యాప్‌లంటే నాకు ఇష్టం లేదనుకోకండి. పిల్లల ఎమర్జెన్సీలో మందు మోతాదు లెక్కగట్టడం ఎంత టెన్షనో మీకు తెలుసు, బరువును బట్టి మిల్లీగ్రాములు, అక్కడి నుంచి మిల్లీలీటర్లు, పక్కన తల్లి ఏడుపు. స్విట్జర్లాండ్‌లో దీనికోసం చేసిన యాప్‌ను బొమ్మ రోగుల మీద నర్సులతో పరీక్షిస్తే పొరపాట్లు బాగా తగ్గాయి, మందు సిద్ధం చేసే సమయమూ తగ్గింది. క్షయ రోగి రోజూ కేంద్రానికి వచ్చి మన ముందు మాత్ర మింగే బదులు ఫోన్‌లో వీడియో తీసి పంపే పద్ధతిని ఇంగ్లండ్‌లో పరీక్షించారు. మొదటి రెండు నెలల్లో కనీసం 80 శాతం మోతాదులను గమనించగలిగింది వీడియో గుంపులో 70 శాతం మందికి, నేరుగా చూసే గుంపులో 31 శాతం మందికే. రోగికి బస్సు ప్రయాణం తప్పింది, మనకు వెతుకులాట తప్పింది. మా క్లినిక్‌లోనూ నిలబడిన ఆ మూడో యాప్ వల్ల, వాపు మొదలైన రెండో రోజే నీరు దిగే మాత్ర పెంచి, ఆసుపత్రి గడప తొక్కకుండా ఆపగలిగిన రోగులున్నారు. ఆ ఫోన్ కాల్ చేసిన రోజు కలిగే తృప్తి వేరు.

కాబట్టి ఒప్పుకోండి, కానీ ఊరికే ఒప్పుకోవద్దు. ఏ షిఫ్టులో ఎవరు చూస్తారో డ్యూటీ చార్టులో పేరుతో ఉండాలి. ఆ గంటలో ఆ నర్సుకు పడకలు అప్పగించకూడదు. ఆమె సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా రాసి ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు వార్డు రోగుల గురించి చెప్పినట్టే ఈ జాబితానూ అప్పగించాలి. రాత్రిపూట, సెలవురోజు మనిషిని పెట్టలేమని యాజమాన్యం అంటే, అది వాళ్ల నిర్ణయం, కానీ ఆ సంగతి రోగికి తెలియాలి.

మా పెద్దావిడ ఇప్పటికీ రోజూ పొద్దున బరువు పంపుతుంది. క్లినిక్ మూసి ఉన్నప్పుడు "పంపు" నొక్కితే ఆవిడ ఫోన్‌లో పెద్ద అక్షరాలతో ఇలా వస్తుంది: "మీ రీడింగు అందింది. ఇంకా ఎవరూ చూడలేదు. క్లినిక్ తెరిచిన రోజు పొద్దున 8 గంటలకు చూస్తాం. ఆయాసం ఎక్కువైనా, పడుకోలేకపోయినా ఆగకండి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు ఎమర్జెన్సీ డెస్కుది, 24 గంటలూ ఎత్తుతారు. మీటింగులో మిగతావి ఏవీ సాధించలేకపోయినా, ఆ నాలుగు వాక్యాలు మీ యాప్‌లో పెట్టించండి. చదవలేనివాళ్ల కోసం గొంతుతో కూడా వినిపించేలా చేయమనండి.